స్నూకర్ సీజన్ ఫాలో అవ్వాలంటే 64వ పేరు దగ్గర మొదలుపెట్టండి

మీ ప్రశ్న ఇదీ: బెంగళూరు వచ్చాక ఆఫీసు పక్కన పార్లర్‌లో స్నూకర్ అలవాటైంది. ఇప్పుడు ప్రొఫెషనల్ మ్యాచ్‌లు కూడా చూడాలనుంది. కానీ వారానికో కొత్త టోర్నమెంటు పేరు కనిపిస్తోంది, ఏది ముఖ్యమో, ర్యాంకులు ఎలా ఇస్తారో అంతు చిక్కడం లేదు. పైగా మన ఊళ్ళోనే ఉండే బిలియర్డ్స్, స్నూకర్ ఛాంపియన్ పంకజ్ అద్వానీ ర్యాంకింగ్ జాబితాలో ఎందుకు లేరని కూడా అడిగారు.

నాది విశాఖపట్నం, ఉద్యోగం ఇక్కడ, ఉండేది మారతహళ్ళిలో. ఈ ఆట పిచ్చి నాకు అంటించింది మా మావయ్య. చాలా ఏళ్ళుగా ఒక్క సీజన్ కూడా వదలకుండా చూస్తున్నాను కాబట్టి, నాకు పనికొచ్చిన పద్ధతి చెప్తాను. కప్పు ఎవరు గెలిచారన్నది కాసేపు పక్కన పెట్టండి. ర్యాంకింగ్ జాబితా తెరిచి 64వ స్థానంలో ఎవరున్నారో చూడండి. ఆ పేరుకి కొంచెం పైన ఒకరిని, కొంచెం కింద ఒకరిని ఎంచుకుని, సీజనంతా వాళ్ళిద్దరి వెంట వెళ్ళండి. మిగతావన్నీ వాటంతటవే అర్థమవుతాయి.

ఎందుకంటే ఈ టూర్, అంటే ప్రొఫెషనల్ టోర్నమెంట్ల వరుస, నడిచేదే ఆ 64వ స్థానం అనే గీత మీద. టూర్‌లో సుమారు 128 మంది ఉంటారు. కొత్తగా వచ్చినవాళ్ళకి రెండేళ్ళ కార్డు, అంటే టూర్‌లో ఆడే అర్హత, ఇస్తారు. ఆ రెండేళ్ళలో ర్యాంకింగ్ టోర్నమెంట్లలో ఎంత ప్రైజ్ మనీ సంపాదిస్తే అదే ర్యాంకు. ఒక పౌండు వస్తే ఒక పాయింటు, అంతకు మించి లెక్కలేమీ లేవు. ప్రపంచ ఛాంపియన్‌షిప్ ముగిసే రోజుకి పై 64 మందిలో ఉంటే కార్డు నిలుస్తుంది. గడువు తీరిపోయి 64 కంటే కింద ఉంటే బయటికి పోవాల్సిందే. ఒక్క ఏడాది సంపాదన చూసి మిగిలినవాళ్ళలో కొద్దిమందిని ఉంచే దారి ఉంది గానీ అది ఇరుకు దారి. అదీ కుదరకపోతే క్యూ స్కూల్‌కి, అంటే టూర్‌లోకి రావడానికి పెట్టే అర్హత పోటీలకి, వెళ్ళాలి. అక్కడ ప్రవేశ రుసుము మీరే కట్టాలి, గెలిచినా చేతికి డబ్బు రాదు, వచ్చేది కార్డు మాత్రమే. నిన్నటిదాకా టీవీలో కనిపించిన మనిషి ఈ రోజు పదహారేళ్ళ పిల్లలతో అక్కడ ఆడుతుంటాడు.

రెండేళ్ళ లెక్కలో ఇంకో మెలిక ఉంది. ఈ ఏడాది ఒక టోర్నమెంటులో వచ్చిన డబ్బు రెండేళ్ళు గడిచాక ఖాతాలోంచి పోతుంది. బెల్జియంకు చెందిన లూకా బ్రెసెల్‌ని చూడండి. 2023లో ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు, ఆ ఒక్క టైటిల్‌కే 5 లక్షల పౌండ్లు. 2025 మే నెలలో ఆ మొత్తం లెక్కలోంచి వెళ్ళిపోయింది. ఆ ఏడాది క్వార్టర్ ఫైనల్ దాకా వచ్చాడు, అయినా టాప్ 16లో నిలవలేదు. అందుకే జాబితా చూసేటప్పుడు ఎవరికి ఎంత ఉందన్నది ఒక్కటే చూడకండి. ఎవరి ఖాతాలోంచి ఏ నెలలో ఎంత పోబోతోందో కూడా చూడండి. అసలు ఆసక్తి అక్కడ మొదలవుతుంది.

క్యాలెండర్ సంగతి త్వరగా చెప్పేస్తాను, ఎందుకంటే ఏటా కొంచెం మారుతూనే ఉంటుంది. జూన్ చివరో జులైలోనో లెస్టర్‌లో ఛాంపియన్‌షిప్ లీగ్‌తో మొదలవుతుంది. తర్వాత చైనా: షాంఘై, వుహాన్, షియాన్ లాంటి చోట్ల. సౌదీలోని జెద్దాలో 2024లో పెద్ద డబ్బున్న టోర్నమెంటు మొదలుపెట్టారు. ఆ మధ్యలో ఇంగ్లిష్, స్కాటిష్, వెల్ష్, నార్తర్న్ ఐర్లండ్ ఓపెన్‌లు వస్తాయి, ఈ నాలుగింటినీ కలిపి హోమ్ నేషన్స్ అంటారు. డిసెంబరు ప్రాంతంలో యార్క్‌లో యూకే ఛాంపియన్‌షిప్, జనవరిలో లండన్ అలెగ్జాండ్రా ప్యాలెస్‌లో మాస్టర్స్, ఆ తర్వాత బెర్లిన్‌లో జర్మన్ మాస్టర్స్. వసంతంలో ప్లేయర్స్ ఛాంపియన్‌షిప్, టూర్ ఛాంపియన్‌షిప్. ఈ రెండింటికీ ఆ సీజన్‌లో బాగా సంపాదించినవాళ్ళనే పిలుస్తారు. ఏప్రిల్ మధ్యలో షెఫీల్డ్‌లోని క్రూసిబుల్ థియేటర్‌లో ప్రపంచ ఛాంపియన్‌షిప్ మొదలై మే మొదటి సోమవారంతో ముగుస్తుంది. 1977 నుంచీ అక్కడే.

కొత్తగా చూసేవాళ్ళని మాస్టర్స్ తికమక పెడుతుంది. పేరు ప్రతిష్ఠల్లో అది మొదటి మూడింటిలో ఒకటి, కానీ దాని డబ్బు ర్యాంకింగ్‌లోకి రాదు. టాప్ 16 మందిని మాత్రమే పిలుస్తారు. సాధారణంగా యూకే ఛాంపియన్‌షిప్ అయ్యాక ఉన్న జాబితాని బట్టి ఆ 16 మంది ఎవరో తేలుతుంది. కాబట్టి డిసెంబరులో 15, 16, 17 స్థానాల్లో ఉన్నవాళ్ళ మ్యాచ్‌లు వదలకండి. నా మాట విని ఒక్క ఏడాది చూడండి, యార్క్‌లో రెండో రౌండ్ మ్యాచ్ కూడా ఫైనల్‌లా కనిపిస్తుంది.

ఇక నాకు అన్నిటికంటే ఇష్టమైన విషయం, మ్యాచ్ నిడివి. హోమ్ నేషన్స్ తొలి రౌండ్లలో నాలుగు ఫ్రేమ్‌లు (ఫ్రేమ్ అంటే ఒక ఆట) ముందు గెలిచినవాడిదే మ్యాచ్. క్రూసిబుల్‌లో మొదటి రౌండ్‌కే పది ఫ్రేమ్‌లు గెలవాలి. రెండో రౌండ్‌, క్వార్టర్ ఫైనల్‌లో పదమూడు, సెమీఫైనల్‌లో పదిహేడు, ఫైనల్‌లో పద్దెనిమిది. టోర్నమెంటు మొత్తం 17 రోజులు. అదే టేబుల్, అవే బాల్స్, అయినా ఈ రెండూ ఒకే ఆట అనిపించవు నాకు. చిన్న మ్యాచ్‌లో రెండు ఫ్రేమ్‌లు పోతే సగం మ్యాచ్ పోయినట్టే. అందుకే అక్కడ ఎవరైనా ఎవరినైనా ఓడిస్తారు, కింది ర్యాంకువాళ్ళు బతికేది కూడా అక్కడే. పెద్ద మ్యాచ్‌లో ఒక సెషన్, అంటే ఒక పూట ఆట, పాడైనా రాత్రి నిద్రపోయి మర్నాడు సరిచేసుకోవచ్చు. సెమీఫైనల్ మూడు రోజుల మీద నడుస్తుంది. ఆ మూడు రోజుల్లో ఆటగాడి నడక మారడం, కుర్చీలో కూర్చునే తీరు మారడం కళ్ళారా చూడొచ్చు. 1985 ఫైనల్‌లో డెనిస్ టేలర్, స్టీవ్ డేవిస్ ఇద్దరూ 17–17 దాకా వచ్చి, చివరి ఫ్రేమ్‌లో చివరి బాల్ అయిన బ్లాక్ దాకా ఆడారు. అప్పటిదాకా మ్యాచ్‌లో ఒక్కసారి కూడా ముందుకు రాని టేలర్ ఆ బ్లాక్‌తో గెలిచాడు. బ్రిటన్‌లో అర్ధరాత్రి దాటాక కూడా 1 కోటి 85 లక్షల మంది టీవీ ముందు కూర్చుని చూశారు.

చిన్న మ్యాచ్ ఎంత కర్కశమో నేను మా ఊళ్ళోనే చూశాను. ఇండియన్ ఓపెన్ అనే ర్యాంకింగ్ టోర్నమెంటు 2016లో హైదరాబాద్‌లో, 2017లో విశాఖలో జరిగింది. తెలుగు గడ్డ మీద వరుసగా రెండుసార్లు జరిగిందంటే ఇప్పటికీ చాలామంది నమ్మరు. విశాఖలో జాన్ హిగిన్స్ ఫైనల్‌లో ఆంథొనీ మెక్‌గిల్‌ని 5–1తో ఓడించాడు. అంతకు ముందు ఏడాది హైదరాబాద్‌లో గెలిచింది ఆ మెక్‌గిల్లే. నేను సెలవు పెట్టి ఇంటికెళ్ళి, మావయ్యతో కలిసి తొలి రౌండ్లు చూశాను. జనమంతా పెద్ద పేర్లున్న టేబుల్ వైపు కూర్చుంటే, మావయ్య నన్ను ఇంకో టేబుల్ దగ్గరికి లాక్కెళ్ళాడు. అక్కడ ఆడుతున్న కుర్రాడి పేరు మా ఇద్దరికీ తెలియదు. ఖండాలు దాటి వచ్చాడు. గంటన్నర కూడా పట్టలేదు, ఓడిపోయి క్యూ విప్పి పెట్టెలో సర్దుకున్నాడు. "వీడి టికెట్ డబ్బులు ఎవరిస్తారే?" అన్నాడు మావయ్య. ఆ ప్రశ్న వల్లే నేను ఇంటికొచ్చి ర్యాంకింగ్ జాబితా కింది సగం చదవడం మొదలుపెట్టాను. 2019లో కొచ్చిలో జరిగాక ఇండియన్ ఓపెన్ మళ్ళీ పెట్టలేదు. అది నాకు నిజంగా బాధ కలిగించే విషయం.

మావయ్య ప్రశ్నకి జవాబే అద్వానీ గారి గురించి మీరు అడిగినదానికి కూడా జవాబు. టోర్నమెంటుకి వెళ్ళే ఖర్చు, హోటలు, ప్రాక్టీసు టేబుల్ అద్దె అన్నీ ఆటగాడివే. 2022–23 సీజన్ నుంచి ఏడాదికి 20,000 పౌండ్లు హామీ మొత్తంగా ఇవ్వడం మొదలుపెట్టారు, అది కూడా ప్రైజ్ మనీలో సర్దుబాటు చేసుకునే ముందస్తు సొమ్ము. షెఫీల్డ్ పక్కనే పుట్టి పెరిగినవాడు అమ్మ చేతి వంట తింటూ ఆ డబ్బుతో నెట్టుకు రాగలడు. మనవాళ్ళు ఇల్లు వదిలి అక్కడ అద్దెకుండి ఆడాలి. అద్వానీ గారు 2012–13, 2013–14 రెండు సీజన్లు టూర్‌లో ఆడారు. 2013 వెల్ష్ ఓపెన్‌లో మాజీ ప్రపంచ ఛాంపియన్లు షాన్ మర్ఫీ, గ్రేమ్ డాట్‌లను ఓడించి క్వార్టర్ ఫైనల్‌కి వెళ్ళారు. ర్యాంకింగ్ టోర్నమెంటులో అంత దూరం వెళ్ళిన మొదటి భారతీయుడు ఆయనే. 2014లో తానే కార్డు వదులుకున్నారు. ఆయన బిలియర్డ్స్ కూడా ఆడతారు. టూర్‌లో ఉంటూ ఆ రెండూ నడపడం ఎవరి వల్లా కాదు. ఇక్కడ ఓఎన్‌జీసీలో ఉద్యోగం ఉంది, దేశం తరఫున ఆడే అవకాశం ఉంది. 2024 నాటికి బిలియర్డ్స్, స్నూకర్ కలిపి 28 ప్రపంచ టైటిళ్ళు గెలిచారు. అవి అమెచ్యూర్ టైటిళ్ళు కదా అని చులకనగా మాట్లాడేవాళ్ళు పార్లర్లలో కనిపిస్తారు. నేను ఒప్పుకోను. రెండు వేర్వేరు ఆటల్లో, అన్నేళ్ళు, ఆ స్థాయిలో ఉండటం టూర్‌లో 40వ ర్యాంకు తెచ్చుకోవడం కంటే గొప్ప అని నా గట్టి అభిప్రాయం.

మిగతా మనవాళ్ళ విషయానికొస్తే, ఆదిత్య మెహతా 2013లో ఢిల్లీలో జరిగిన మొదటి ఇండియన్ ఓపెన్‌లో ఫైనల్ దాకా వెళ్ళి డింగ్ జున్‌హుయ్ చేతిలో ఓడిపోయారు. ముంబైకి చెందిన ఇష్‌ప్రీత్ సింగ్ చడ్ఢా 2023లో ఆసియా–ఓషియానియా క్యూ స్కూల్ గెలిచి టూర్‌లోకి వచ్చారు. బ్యాంకాక్‌లో ఆ క్యూ స్కూల్ పెట్టడం వల్ల మనవాళ్ళకి దారి కొంచెం దగ్గరైంది. ఆడవాళ్ళలో మన బెంగళూరులో ఉండే విద్యా పిళ్ళై 2017లో సింగపూర్‌లో ప్రపంచ మహిళల ఫైనల్‌ని 5–6తో, అంటే ఒక్క ఫ్రేమ్ తేడాతో, హాంకాంగ్‌కు చెందిన ఇంగ్ ఆన్‌యీకి కోల్పోయారు. అప్పట్లో ఆ టైటిల్ గెలిచినా టూర్ కార్డు వచ్చేది కాదు, 2021 నుంచి ఇస్తున్నారు. చెన్నై అమ్మాయి అనుపమా రామచంద్రన్ 2025 నవంబరులో దోహాలో అదే ఇంగ్ ఆన్‌యీని ఓడించి అమెచ్యూర్ ప్రపంచ టైటిల్ తెచ్చిందని తెలిసిన రోజు నేను ఆఫీసులో అందరికీ మైసూర్‌పాక్ పంచాను. పార్లర్‌లో ఒక ఆడమనిషి క్యూ పట్టుకుంటే ఇంకా వింతగా చూసే చోట్లు ఈ ఊళ్ళో ఉన్నాయి. అందుకే ఆ గెలుపు నాకు సొంత గెలుపులా అనిపించింది.

గీత దగ్గర నుంచి చూడమన్నానని పైన జరిగేది వదిలేయమని కాదు. 2024–25 సీజన్ తీసుకోండి. జడ్ ట్రంప్ షాంఘైలో గెలిచాడు, సౌదీలో గెలిచి 5 లక్షల పౌండ్లు పట్టుకెళ్ళాడు, యూకే ఛాంపియన్‌షిప్ గెలిచాడు, సీజన్‌లో వందకు పైగా సెంచరీ బ్రేకులు (ఒకే విడతలో వంద, ఆపైన పాయింట్లు) కొట్టాడు. డబ్బు లెక్కలో అతని దరిదాపుల్లో ఎవరూ లేరు. క్రూసిబుల్ సెమీఫైనల్‌లో మాత్రం యాభై ఏళ్ళ మార్క్ విలియమ్స్ అతన్ని 17–14తో ఆపేశాడు. ఇంకోవైపు నుంచి వచ్చింది జావో షింటాంగ్. మ్యాచ్ ఫిక్సింగ్ వ్యవహారంలో 20 నెలల నిషేధం అనుభవించి వచ్చినవాడు, అప్పటికి టూర్ కార్డు కూడా లేదు, అమెచ్యూర్‌గా క్వాలిఫయింగ్ రౌండ్ల నుంచి మొదలుపెట్టాడు. సెమీస్‌లో రానీ ఓ సలివన్‌ని 17–7తో, ఫైనల్‌లో విలియమ్స్‌ని 18–12తో ఓడించి చైనాకి మొదటి ప్రపంచ టైటిల్ తెచ్చాడు. నిషేధం సంగతి గుర్తున్నవాళ్ళకి ఆ గెలుపు పూర్తిగా మింగుడు పడలేదు, అది నాకు అర్థమవుతుంది. శిక్ష పూర్తి చేసుకుని అట్టడుగు నుంచి ఆడుకుంటూ వచ్చాడు కాబట్టి నేను చప్పట్లు కొట్టాను.

ఆ క్వాలిఫయింగ్ రౌండ్లు షెఫీల్డ్‌లోనే, క్రూసిబుల్‌కి ముందు వారం పది రోజులు జరుగుతాయి. మీకు సమయం తక్కువైతే సీజన్‌లో ఇంకేదీ చూడకపోయినా అవి చూడండి. అక్కడ కూడా పది ఫ్రేమ్‌లు గెలవాలి. 64వ గీతకి అటూ ఇటూ ఉన్నవాళ్ళంతా ఆ వారంలో ఆడతారు. ఒక్క మ్యాచ్ గెలిస్తే కార్డు నిలవొచ్చు, ఓడితే క్యూ స్కూల్. ఆఖరి రెడ్ మీద చెయ్యి వణకడం అక్కడ కనిపించినంతగా ఫైనల్‌లో కూడా కనిపించదు.

చూసేటప్పుడు ఒక లెక్క మాత్రం నోటికి రావాలి. ఎల్లో నుంచి బ్లాక్ దాకా ఆరు రంగులకీ కలిపి 27. టేబుల్ మీద మిగిలిన ఒక్కో రెడ్‌కి 8 చొప్పున కలపండి, రెడ్‌కి ఒకటి, దాని వెంట బ్లాక్ వేస్తే ఏడు. నాలుగు రెడ్స్ ఉంటే 32కి 27 కలిపి 59. ముందున్నవాడి ఆధిక్యం 59 దాటిందంటే వెనకున్నవాడికి మామూలుగా బాల్స్ పాకెట్లో వేస్తే సరిపోదు, ఎదుటివాడి చేత ఫౌల్ చేయించాలి. అక్కడి నుంచి ఆట రంగు మారిపోతుంది, వైట్‌ని వేరే బాల్స్ వెనక దాచడమే పని అవుతుంది. ఈ లెక్క తెలియకపోతే, ఇంకా అన్ని బాల్స్ ఉండగా ఆటగాడు చెయ్యి కలిపి ఎందుకు వెళ్ళిపోయాడో అర్థం కాదు. ఇంకొకటి, పడిన బాల్‌ని చూడకండి, వైట్ ఎక్కడ ఆగిందో చూడండి. బ్లూ మీద కొంచెం కోణం ఉంచుకున్నాడంటే వైట్‌తో రెడ్స్ గుత్తిని విడగొట్టాలని చూస్తున్నాడన్నమాట. తిన్నగా ఉంచుకున్నాడంటే ఆ ఆలోచన లేదు.

మీరు పార్లర్‌లో ఆడుతున్నారు కాబట్టి ఇంకో మాట. మన పార్లర్లలో పాకెట్లు చాలాచోట్ల వెడల్పు, వానాకాలంలో బట్ట చెమ్మెక్కి నెమ్మదిస్తుంది. ప్రొఫెషనల్ టేబుళ్ళకి కింద వేడి పెడతారు, బట్ట పొడిగా, వేగంగా ఉంటుంది, పాకెట్ అంచుకి కాస్త తగిలినా బాల్ బయటికి ఉమ్మేస్తుంది. టీవీలో వాళ్ళు తేలిగ్గా వేసే లాంగ్ రెడ్ (దూరం నుంచి వేసే రెడ్) విలువ తెలియాలంటే ఒక్కసారైనా మంచి టేబుల్ మీద ఆడాలి. వసంత్‌నగర్‌లోని కర్ణాటక స్టేట్ బిలియర్డ్స్ అసోసియేషన్‌కి వెళ్ళి చూడండి. అద్వానీ గారు అరవింద్ సవూర్ దగ్గర ఆట నేర్చుకున్న చోటు అది. పోటీలు జరుగుతున్నప్పుడు వెళ్తే మంచిది. మార్కర్లతో, అంటే అక్కడ స్కోరు చూసేవాళ్ళతో, మాట్లాడండి, ఎవరి చేతిలో ఎంత ఆట ఉందో వాళ్ళకి తెలిసినంత ఎవరికీ తెలియదు. సరదాకి ఓడినవాడు టేబుల్ డబ్బులు కట్టే పందెం ఆడుతుంటే, వారానికో రోజైనా అది మాని సేఫ్టీ షాట్లే, అంటే ఎదుటివాడికి తేలిక బాల్ దొరక్కుండా ఆడే షాట్లే, ఆడి చూడండి. ఆ తర్వాత టీవీలో ఇరవై నిమిషాల సేఫ్టీ నడుస్తున్నా కళ్ళు తిప్పుకోలేరు.

చివరగా సమయాలు. చైనా గడియారం మనకంటే రెండున్నర గంటలు ముందుంటుంది కాబట్టి అక్కడి రాత్రి సెషన్ మనకి సాయంత్రమే దొరుకుతుంది. క్రూసిబుల్‌లో ఉదయం 10 గంటల సెషన్ మనకి మధ్యాహ్నం 2.30, రాత్రి 7 గంటల సెషన్ మనకి 11.30. పొద్దున్నే లాగిన్ ఉంటే రాత్రి సెషన్ పెట్టుకోకండి, అది రెండున్నర దాకా సాగొచ్చు. శని, ఆదివారాలకి దాచుకోండి. మిగతా రోజుల్లో వరల్డ్ స్నూకర్ టూర్ వాళ్ళ సైట్‌లో లైవ్ స్కోర్లు చూసుకుంటే చాలు. ర్యాంకింగ్ జాబితా కూడా దొరుకుతుంది. మీరు ఎవరిని ఎంచుకున్నారో కింద రాయండి, నేనూ వాళ్ళని చూస్తాను.